పోస్ట్‌గ్రెస్‌కి పైథాన్ మాడ్యూల్స్ ఎక్కడ వేయాలి: సిస్టమ్‌లోనా, డేటాబేస్ సొంత ఫోల్డర్‌లోనా?

రాత్రిడ్యూటీ:
అందరికీ నమస్కారం. చిన్న ప్రశ్నే అనుకున్నాను, ఆఫీసులో మూడు రోజులైనా తెగలేదు. అందుకని ఇక్కడికి తెచ్చాను.

మాది పోస్ట్‌గ్రెస్ 13 డేటాబేస్, డెబియన్ 11 అనే లినక్స్ మీద ఉండేది. కస్టమర్ పేర్లు సరిచూడటానికి పీఎల్/పైథాన్‌లో, అంటే డేటాబేస్ లోపలే నడిచే పైథాన్‌లో, రాసిన ఫంక్షన్ ఒకటుంది. లక్ష్మి, లక్ష్మీ, లచ్మి అని ఒకే మనిషి మూడు రకాలుగా ఎక్కుతుంది కదా, ముగ్గురూ ఒకరేనా అని అది చూస్తుంది. ర్యాపిడ్‌ఫజ్ అనే మాడ్యూల్‌నీ, మావాళ్లు రాసుకున్న ఇంకో చిన్న మాడ్యూల్‌నీ ఇంపోర్ట్ చేస్తుంది.

పోయిన నెల డెబియన్ 12, పోస్ట్‌గ్రెస్ 15కి మారాం. డంప్ (డేటాబేస్ మొత్తం కాపీ) తీసి కొత్త సర్వర్లో రిస్టోర్ చేశాను. ఒక్క ఎర్రర్ లేదు. హాయిగా ఇంటికెళ్లి పడుకున్నాను. పొద్దున్న మొదటి ఆర్డర్ పడగానే ‘ర్యాపిడ్‌ఫజ్ అనే మాడ్యూల్ లేదు’ అని వచ్చింది. ఫంక్షన్ ట్రిగ్గర్‌లో, అంటే రో ఎక్కేటప్పుడు దానంతటదే నడిచే చోట, ఉంది కాబట్టి ఆర్డర్ కూడా ఎక్కలేదు.

సరే వేద్దామని పిప్ (పైథాన్ మాడ్యూల్స్ వేసే టూల్) కొడితే, ఈ పైథాన్ నిర్వహణ బయటివాళ్లది, ఇక్కడ వేయనివ్వను అని తిప్పికొట్టింది. ఫ్లాగ్ పెట్టి బలవంతంగా వేసి ప్రస్తుతానికి నడిపిస్తున్నాం. అది శాశ్వతం కాదని నాకూ తెలుసు. మరి ఎక్కడ వేయాలి? డెబియన్ ప్యాకేజీలు వేసే ఆప్ట్ ద్వారా సిస్టమ్ పైథాన్‌లోనా, వెన్వ్ (మాడ్యూల్స్‌కి విడిగా కట్టే ఫోల్డర్) ఒకటి కట్టి అందులోనా, లేక పోస్ట్‌గ్రెస్ డైరెక్టరీల పక్కనే ఎక్కడైనానా? ఎవరైనా నిజంగా నడిపినవాళ్లు చెప్పండి.

కర్నూలు_కెర్నల్:
బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ ఫ్లాగ్ పెట్టి అలాగే ఉంచెయ్ బ్రో. రెండేళ్లుగా నేను అదే చేస్తున్నా. ఏమీ విరగలేదు.

ఆప్ట్_అప్పారావు:
‘ఏమీ విరగలేదు’ అన్నవాళ్ల సర్వర్లే చివరికి నా దగ్గరికి వస్తాయి.

ఆ ఫ్లాగ్‌కి ఆ పేరు ఊరికే పెట్టలేదు. డెబియన్‌లో రూట్‌గా, అంటే పూర్తి హక్కులతో, పిప్ కొడితే మాడ్యూల్ ‘యూఎస్‌ఆర్ లోకల్’ కింద పడుతుంది. ఆప్ట్ వేసినవి ‘యూఎస్‌ఆర్ లిబ్’ కింద ఉంటాయి. పైథాన్ వెతికేటప్పుడు లోకల్‌నే ముందు చూస్తుంది. అంటే మీరు డేటాబేస్ కోసం వేసిన మాడ్యూల్, దాంతోపాటు అది లాక్కొచ్చిన పది మాడ్యూల్స్, మీ సర్వర్లో పైథాన్‌తో నడిచే ప్రతి సిస్టమ్ టూల్‌కీ ముందొచ్చి కూర్చుంటాయి. అప్‌డేట్ చేసే టూల్, సైట్ సెక్యూరిటీ సర్టిఫికెట్ రెన్యూ చేసే టూల్, అన్నీ. అందుకే 2023లో డెబియన్ 12 వచ్చినప్పుడు ఆ తలుపు మూసేశారు. మూసిన తలుపుని తన్ని తెరవడం పరిష్కారం కాదు.

జవాబు ఒక్కటే. ఆప్ట్‌లో ఉంటే ఆప్ట్. లేకపోతే ఆప్ట్ వేయగలిగే డెబ్ ప్యాకేజీ మీరే కట్టుకోండి. పీఎల్/పైథాన్ ప్యాకేజీ కూడా ఆప్ట్ నుంచే వచ్చింది, అది డెబియన్ పైథాన్ 3.11తోనే కట్టింది. ఇంజిన్ ఒకరిది, చక్రాలు ఇంకొకరివి అంటే బండి నడవదు.

వెన్వ్_వాసు:
అప్పారావు అన్నా, 2025లో కూడా డెబ్ ప్యాకేజీ కట్టుకోమంటున్నారా? మా టీమ్‌లో మాడ్యూల్ వెర్షన్ వారానికోసారి మారుతుంది. డెబియన్ 12లో పాండాస్ మాడ్యూల్ 1.5 దగ్గరే ఆగిపోయింది. మేం పాత వెర్షన్‌తో కూర్చోవాలా?

రాత్రిడ్యూటీ బ్రో, సింపుల్. ‘ఆప్ట్’ కాదు, ‘ఓపీటీ’ డైరెక్టరీ. దాని కింద ఒక వెన్వ్ కట్టు, యాక్టివేట్ చెయ్యి, పిప్‌తో వెయ్యి, పోస్ట్‌గ్రెస్ రీస్టార్ట్ చెయ్యి. అయిపోయింది.

పాతచింతకాయ:
వాసూ, నువ్వు చెప్పింది నువ్వే ఒకసారి చేసి చూశావా?

వెన్వ్ యాక్టివేట్ చేస్తే మారేది నీ టెర్మినల్ వరకే. పోస్ట్‌గ్రెస్ నీ టెర్మినల్లోంచి పైథాన్‌ని పిలవదు. పైథాన్ లైబ్రరీని తన ప్రాసెస్ లోపలే పెట్టుకుని నడుపుతుంది. ఏ పైథాన్ అన్నది ప్యాకేజీ కట్టినరోజే తేలిపోయింది. నీ పాత్ ఏం చెబుతోందో, నీ ప్రాంప్ట్ ముందు బ్రాకెట్లో ఏ పేరుందో దానికి అనవసరం. వెన్వ్‌లోని మాడ్యూల్స్ కనపడాలంటే సర్వర్ ప్రాసెస్‌కి పైథాన్‌పాత్ అనే వేరియబుల్ అందాలి. డెబియన్‌లో దానికి ఒక చోటుంది: ‘ఈటీసీ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్’ కింద వెర్షన్, క్లస్టర్ పేర్లతో ఉండే డైరెక్టరీలో ‘ఎన్విరాన్‌మెంట్’ అనే ఫైలు. అందులో రాసి రీస్టార్ట్ చేయాలి. వెన్వ్ కూడా అదే 3.11తో కట్టాలి. వేరే పైథాన్‌తో కడితే, సీలో కంపైల్ అయిన మాడ్యూల్స్ ఇంపోర్ట్ దగ్గరే చస్తాయి. ర్యాపిడ్‌ఫజ్‌లోనూ అలా కంపైల్ అయిన ఫైళ్లున్నాయి.

బాబూ రాత్రిడ్యూటీ, నీ ప్రశ్న ఎక్కడ వేయాలని. నాకు ముందు ఇంకోటి అర్థం కావట్లేదు. పేర్లు సరిచూసే పని ట్రిగ్గర్‌లో ఎందుకు పెట్టారు? ఆర్డర్ ఎక్కడానికీ, లక్ష్మి, లచ్మి ఒకరేనా అని తేల్చడానికీ సంబంధం ఏమిటి? ఆర్డర్ ఎక్కనివ్వండి, తేల్చే పని తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు. ఇరవై ఏళ్ల పైబడి చూస్తున్నాను, ట్రిగ్గర్‌లో బయటి మాడ్యూల్ పెట్టినవాడు బాగుపడ్డది లేదు.

రాత్రిడ్యూటీ:
బాబు కాదండీ, అమ్మాయిని. బ్రో కూడా కాదు వాసూ.

ట్రిగ్గర్ నేను పెట్టింది కాదు. నేను చేరకముందు నుంచీ ఉంది. నా ప్రశ్న ఎక్కడ వేయాలని.

వెన్వ్_వాసు:
సారీ అక్కా. పైథాన్‌పాత్ సంగతి చెప్పడం మర్చిపోయా, అంతే. నేను చెప్పినదానిలో తప్పేమీ లేదు.

ఇంకో విషయం. ఈ తలనొప్పంతా డెబియన్ వల్లే. ప్రపంచమంతా ‘సైట్ ప్యాకేజెస్’ అంటుంటే వీళ్లు ‘డిస్ట్ ప్యాకేజెస్’ అని పేరు మార్చారు. దేనికి?

ఆప్ట్_అప్పారావు:
దేనికో చెప్తాను విను. నువ్వు పైథాన్‌ని సోర్స్ నుంచి సొంతంగా కట్టి యూఎస్‌ఆర్ లోకల్‌లో వేసుకున్నావనుకో. అది తన మాడ్యూల్స్‌ని అక్కడి సైట్ ప్యాకేజెస్‌లో పెట్టుకుంటుంది. డెబియన్ పైథాన్ కూడా అదే పేరు వాడితే రెండు పైథాన్ల మాడ్యూల్స్ ఒకే గదిలో కలిసిపోతాయి. అలా కలవకూడదనే వేరే పేరు. ఒక ఇంట్లో ఇద్దరు కోడళ్లకి రెండు పొయ్యిలు పెట్టినట్టు. అది తెలివితక్కువ పని కాదు.

వెన్వ్_వాసు:
రెండు పొయ్యిలు పెట్టాక మూడోది వెన్వ్ ఎందుకు కుదరదన్నా?

ఆప్ట్_అప్పారావు:
కుదరదని నేనన్నానా? దాన్ని ఎవరు చూసుకుంటారన్నది నా ప్రశ్న. ఆప్ట్‌తో వేస్తే సెక్యూరిటీ అప్‌డేట్ దానంతటదే వస్తుంది. నీ వెన్వ్‌ని కట్టినవాడు ఉద్యోగం మారిపోతాడు. మూడేళ్ల తర్వాత డిస్క్ నిండినప్పుడు ‘ఇదేంటో, ఎవరిదో’ అని ఎవడో తీసేస్తాడు.

డల్లాస్_డీబీఏ:
ఇంకా సర్వర్ మీద సర్వర్ చేతులతో కడుతున్నారా? కంటైనర్ ఇమేజ్‌లో (సాఫ్ట్‌వేర్ అంతా కలిపి కట్టిన మూటలో) వేసి పడేయండి. అధికారిక ఇమేజ్‌లో పీఎల్/పైథాన్ ఉండదు, దాని మీద ఆ ప్యాకేజీ, మాడ్యూల్స్ కలిపి సొంత ఇమేజ్ కట్టుకుంటే అన్ని చోట్లా ఒకటే. ఎక్కడ వేయాలన్న ప్రశ్నే ఉండదు.

కంటైనర్ కుదరదంటే ఒక చిట్కా. మాడ్యూల్స్ ఫోల్డర్‌ని డేటా డైరెక్టరీలోనే పెట్టండి. పీజీ బేస్‌బ్యాకప్ టూల్‌తో బ్యాకప్ తీస్తే అక్కడున్న మన ఫైళ్లు కూడా వస్తాయి. స్టాండ్‌బై (అసలు సర్వర్, అంటే ప్రైమరీ, పోతే ఆదుకునే రెండో సర్వర్) కట్టినప్పుడు మాడ్యూల్స్ ఫ్రీ.

పాతచింతకాయ:
‘మాడ్యూల్స్ ఫ్రీ’ అన్నదాంట్లో సగమే నిజం. బేస్‌బ్యాకప్ డేటా డైరెక్టరీలో మనం పెట్టిన ఫైళ్లని కూడా మోస్తుంది, ఒప్పుకుంటాను. కానీ మోసేది ఒక్కసారే. ఆ తర్వాత స్టాండ్‌బైకి వెళ్లేది వాల్, అంటే డేటా మార్పుల లాగ్, మాత్రమే. రేపు ప్రైమరీలో మాడ్యూల్ వెర్షన్ మారిస్తే ఆ సంగతి వాల్‌లో ఉండదు. స్టాండ్‌బైలో పాతదే ఉంటుంది. అసలు లేకపోవడం కంటే ఇది ఘోరం. లేకపోతే ఎర్రర్ వస్తుంది, పాతదైతే తప్పు జవాబు వస్తుంది. రేపు పోస్ట్‌గ్రెస్ పెద్ద వెర్షన్ మారితే కొత్త డేటా డైరెక్టరీ పుడుతుంది, మీ ఫోల్డర్ పాతదాంట్లోనే ఉండిపోతుంది. పైగా డేటా డైరెక్టరీ అంటే సర్వర్ యూజర్‌కి రాసే హక్కున్న చోటు. కోడ్ ఉన్న చోట ఆ హక్కు ఉండకూడదు.

కంటైనర్ విషయంలో నాకు పేచీ లేదు. కానీ అమ్మాయి అడిగింది అది కాదు.

ఈ గొడవ కొత్తదేం కాదు. ఒకప్పుడు పెర్ల్, పైథాన్ ఇంటర్‌ఫేస్‌లు పోస్ట్‌గ్రెస్ సోర్స్‌తో పాటే వచ్చేవి. 2002లో, 7.2 వెర్షన్ రోజుల్లో, సోర్స్ నుంచి కట్టేటప్పుడు మిగతాదంతా మనం చెప్పిన ప్రిఫిక్స్ డైరెక్టరీ కిందే పడేది. హోమ్ డైరెక్టరీ చెబితే హోమ్ డైరెక్టరీలోనే. ఈ రెండు ఇంటర్‌ఫేస్‌లు మాత్రం ఆయా భాషలు తమ మాడ్యూల్స్ పెట్టుకునే చోటికి వెళ్లేవి, అందుకని ఇన్‌స్టాల్ దగ్గర రూట్ కావాలని సూచనల్లోనే రాసి ఉండేది. పెర్ల్ మాడ్యూల్ పెర్ల్ ఇంట్లో ఉంటేనే పెర్ల్‌కి దొరుకుతుందని ఒక వాదన. నేను ఇక్కడ వెయ్యమంటే అక్కడికెందుకు పోతావని ఇంకో వాదన. రెండూ న్యాయమే. మీరు ఇప్పుడు కొట్టుకుంటున్నదీ అదే.

కర్నూలు_కెర్నల్:
పోస్ట్‌గ్రెస్ 18లో ‘ఎక్స్‌టెన్షన్ కంట్రోల్ పాత్’ అని సెట్టింగ్ వచ్చిందిగా. దాంతో ఎక్కడైనా పెట్టుకోవచ్చు. చర్చ ముగిసింది.

పాతచింతకాయ:
ముగియలేదు. అది ఎక్స్‌టెన్షన్ల (పోస్ట్‌గ్రెస్‌కి తగిలించే అదనపు భాగాల) కంట్రోల్ ఫైళ్లూ ఎస్‌క్యూఎల్ స్క్రిప్టులూ ఎక్కడ వెతకాలో చెప్పే సెట్టింగ్. పైథాన్ తన మాడ్యూల్‌ని ఎక్కడ వెతకాలన్నది పైథాన్ వ్యవహారం. దానికీ దీనికీ సంబంధం లేదు. పైగా ఆవిడది 15.

పీఎల్/పెర్ల్ అయితే ‘ఆన్ ఇనిట్’ అనే సెట్టింగ్ ఉంది. పోస్ట్‌గ్రెస్ కాన్ఫిగ్‌లోనే ‘యూజ్ లిబ్’ అని డైరెక్టరీ పేరు రాసుకోవచ్చు. పీఎల్/పైథాన్‌కి అలాంటిది ఇవ్వలేదు. ఈ మొత్తం చర్చా దారంలో పోస్ట్‌గ్రెస్‌ని తిట్టాల్సిన చోటు ఏదైనా ఉంటే అది ఇదే. ఎవరూ తిట్టలేదు.

వెన్వ్_వాసు:
అయితే నాదో ఐడియా. మాడ్యూల్ కోడ్‌ని ఒక టేబుల్లో పెట్టేద్దాం. సెషన్‌లో మొదటిసారి పిలిచినప్పుడు టేబుల్లోంచి చదివి లోడ్ చేసుకుంటుంది. టేబుల్ కాబట్టి స్టాండ్‌బైకి దానంతటదే వెళ్తుంది, బ్యాకప్‌లో వస్తుంది, రూట్ అక్కర్లేదు. ఇంకెవరూ దీని గురించి ఆలోచించలేదా?

పాతచింతకాయ:
ఆలోచించారు నాయనా, నువ్వు బడికి వెళ్లే రోజుల్లోనే. టీసీఎల్ భాషకి ఉన్న పీఎల్/టీసీఎల్‌లో అచ్చంగా ఇదే ఉండేది. ‘పీఎల్‌టీసీఎల్ మాడ్యూల్స్’ అని ఒక టేబుల్, అందులోకి కోడ్ ఎక్కించడానికి, తీసెయ్యడానికి చిన్న స్క్రిప్టులు. 2010లో తెలిసిందేమిటంటే, ఆ పేరుతో టేబుల్ ఎవరైనా కట్టొచ్చు, అందులో ఏమైనా రాయొచ్చు. వేరేవాళ్లు, సూపర్‌యూజర్ సహా, టీసీఎల్ ఫంక్షన్ పిలిస్తే ఆ కోడ్ వాళ్ల హక్కులతో నడిచేది. సెక్యూరిటీ లోపంగా ప్రకటించి, టేబుల్ సూపర్‌యూజర్‌దైతేనే చూడాలని సవరించారు. చివరికి 10వ వెర్షన్‌లో ఆ ఏర్పాటే ఎత్తేశారు.

నీ దాంట్లో ఇంకో చిక్కుంది. ర్యాపిడ్‌ఫజ్ అంటే ఉట్టి పైథాన్ టెక్స్ట్ కాదు, కంపైల్ అయిన ఫైలు. దాన్ని టేబుల్లోంచి ఎలా ఇంపోర్ట్ చేస్తావు?

వెన్వ్_వాసు:
ఏదో ఒక దారి ఉంటుంది సార్. మీరు ప్రతిదానికీ ‘అప్పట్లో’ అంటే ఎలా?

చుక్కలచీర:
పాప్‌కార్న్ తెచ్చుకున్నా. కానివ్వండి.

రాత్రిడ్యూటీ:
నేను పెట్టిన దారం కాబట్టి చెప్తున్నా. ఇన్ని జవాబులొచ్చాయి. డిస్ట్ ప్యాకేజెస్ పేరెందుకు మార్చారో తెలిసింది. 2002లో ఏం జరిగిందో తెలిసింది. ట్రిగ్గర్ పెట్టినవాళ్లు బాగుపడరని తెలిసింది.

మొదట్లో చెప్పని సంగతి ఒకటి చెప్తాను. కొత్త సర్వర్లకి మారిన రోజు ప్రైమరీలో మాడ్యూల్ వేశారు. స్టాండ్‌బైలో ఎవరూ వేయలేదు. అది నా పని అనుకుని అడ్మిన్, అడ్మిన్ పని అనుకుని నేను. తొమ్మిది రోజులకి ప్రైమరీ డిస్క్ పోయింది. రాత్రి రెండుంబావు. స్టాండ్‌బై చక్కగా ప్రైమరీగా మారింది, డేటా ఒక్క రో పోలేదు. ఆర్డర్లు మాత్రం ఒక్కటీ ఎక్కట్లేదు. అదే ఎర్రర్. ట్రిగ్గర్ ఆపేద్దామంటే, ఆపితే డూప్లికేట్ కస్టమర్లు పుడతారు, వద్దన్నారు మేనేజర్. నాకు రూట్ లేదు. అడ్మిన్‌కి పదకొండుసార్లు ఫోన్ చేశాను, పన్నెండోసారికి ఎత్తారు. గంటన్నర. ఆ గంటన్నర పోయినందుకు మీటింగ్‌లో నిలబడింది నేను.

నాకు మాడ్యూల్ ఒకటి కావాలంటే టికెట్ పెట్టాలి. సగటున వారం. ఫంక్షన్ నాది, ట్రిగ్గర్ నాది, ఆగిపోతే నిద్ర నాది. ఫోల్డర్ మాత్రం వాళ్లది. ‘సొంతంగా డెబ్ ప్యాకేజీ కట్టుకోండి’ అనడం సులువే అప్పారావు గారూ. కట్టాక దాన్ని వేయడానికి మళ్లీ మీలాంటివాళ్ల గుమ్మం ముందే నిలబడాలి.

ఆప్ట్_అప్పారావు:
ఆహా. ఇప్పుడు బయటికొచ్చింది. మీకు కావాల్సింది చోటు కాదమ్మా, తాళం.

నేను కూడా మొదట్లో చెప్పని సంగతి చెప్తాను. నాలుగేళ్ల క్రితం నేను పనిచేసిన చోట ఒక డీబీఏ (డేటాబేస్ చూసుకునేవాడు) కాళ్లావేళ్లా పడితే సుడో, అంటే రూట్ హక్కు, ఇచ్చాను. ‘ఒక్క మాడ్యూల్ సార్, ఐదు నిమిషాలు’. వేశాడు. అది క్రిప్టోగ్రఫీ మాడ్యూల్ కొత్త వెర్షన్‌ని కూడా లాక్కొచ్చింది. నేను మొదటి పోస్ట్‌లో చెప్పానే, యూఎస్‌ఆర్ లోకల్ ముందొచ్చి కూర్చుంటుందని? సర్టిఫికెట్ రెన్యూ చేసే టూల్ ఆ రోజు నుంచే నడవడం మానేసింది. ఎవరికీ తెలియదు. రెండు నెలలకి ఆదివారం పొద్దున్న సర్టిఫికెట్ గడువు తీరి సైట్ మొత్తం పడింది. మా అమ్మ సంవత్సరీకం ఆ రోజు. తడి బట్టలతో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఆ డీబీఏని ఎవరూ ఏమీ అడగలేదు. ‘సర్వర్ అప్పారావుది కదా’ అన్నారు.

మీ గంటన్నర మీకు గుర్తుంది. మా ఆదివారం ఎవరికి గుర్తుంది? మీకు నిద్ర పోయిందంటున్నారు, నేను ఫోనెత్తలేదంటున్నారు...

రాత్రిడ్యూటీ:
మీరు ఎత్తలేదనలేదు. మా అడ్మిన్ అన్నాను. మీరు మా ఆఫీసులో లేరు.

ఆప్ట్_అప్పారావు:
అడ్మిన్‌లందరూ ఒకటే అన్నట్టే రాశారు.

వెన్వ్_వాసు:
రాసింది అక్షరాలా చదివితే అలా లేదు అన్నా. మీకు డీబీఏలంటే మంట, అంతే. మొదటి పోస్ట్ నుంచీ టెక్నికల్ కారణాలు చెప్తూ వచ్చారు, అసలు కారణం ఆ ఆదివారం.

ఆప్ట్_అప్పారావు:
ఆ ఆదివారమే టెక్నికల్ కారణం బాబూ. నీకు అర్థం కావడానికి ఇంకో పదేళ్లు పడుతుంది.

మాడరేటర్:
వయసుల మీదికి వెళ్లకండి. ఇంకొక్క పోస్ట్ ఇలా వస్తే దారానికి తాళం వేస్తాను. (ఆ తాళం నా దగ్గరే ఉంది.)

పాతచింతకాయ:
ఇద్దరూ ఒకే మాట రెండు పక్కల నుంచి చెబుతున్నారు. అప్పారావు భయం తన సిస్టమ్ పైథాన్‌లోకి ఇంకొకరి చెయ్యి వస్తుందని. అమ్మాయి బాధ తన ఫంక్షన్‌కి కావాల్సినది ఇంకొకరి చేతిలో ఉందని. అలాంటప్పుడు ఆ మాడ్యూల్స్ సిస్టమ్ పైథాన్‌లో ఉండకపోవడం ఇద్దరికీ మంచిదే కదా? ఇందులో వాసు చెప్పిందే నయం, చెప్పిన పద్ధతి తప్పైనా.

నేనైతే ఇలా చేస్తాను. ఓపీటీ కింద పోస్ట్‌గ్రెస్ వెర్షన్, పైథాన్ వెర్షన్ రెండూ పేరులో ఉన్న ఒక డైరెక్టరీ. ‘పీజీ15 పైథాన్311’ అనుకోండి. రెండూ ఎందుకంటే, రేపు డెబియన్ మారి పైథాన్ 3.13 వస్తే ఈ డైరెక్టరీ పనికిరాదని పేరు చూసినవాడికి తెలియాలి. యజమాని పోస్ట్‌గ్రెస్ యూజర్ కాదు, విడిగా ఒక గ్రూప్. అందులో డీబీఏలు ఉంటారు. రూట్ అక్కర్లేదు. సర్వర్‌కి చదివే హక్కు మాత్రమే. ఎన్విరాన్‌మెంట్ ఫైల్లో పైథాన్‌పాత్ ఒక్కసారి అడ్మిన్ రాస్తాడు. మాడ్యూల్స్ జాబితా వెర్షన్లతో సహా ఒక ఫైల్లో, అది గిట్‌లో. రెండు మెషీన్లలోనూ అదే ఫైలు నుంచి వేయాలి.

మూడు మెలికలు మాత్రం చెప్పాలి. ఒకటి, మీవాళ్లు రాసుకున్న మాడ్యూల్‌ని పిప్‌లో ‘ఎడిటబుల్’ పద్ధతిలో వేస్తే దొరకదు. అది కోడ్ ఎక్కడుందో చూపే పీటీహెచ్ ఫైలు మీద ఆధారపడుతుంది. పైథాన్‌పాత్‌లో ఇచ్చిన డైరెక్టరీల్లో ఆ ఫైళ్లని పైథాన్ పట్టించుకోదు. మామూలుగానే వేయండి. రెండు, మాడ్యూల్ వెర్షన్ మార్చగానే మారిపోయిందనుకోకండి. ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్, ఒక్కో ప్రాసెస్‌లో ఒక్కో పైథాన్. ముందే ఇంపోర్ట్ చేసుకున్న సెషన్ పాతదాన్నే పట్టుకుని ఉంటుంది. కనెక్షన్లు తెంపకుండా తిరిగి వాడే పీజీబౌన్సర్ లాంటి పూలర్ ఉంటే ఆ సెషన్లు గంటల తరబడి బతుకుతాయి. సగం ఆర్డర్లు పాత మాడ్యూల్‌తో, సగం కొత్తదాంతో సరిచూస్తారు. మార్చినరోజు పూలర్ కనెక్షన్లు తెంపి కట్టుకోవాలి. మూడు, రిస్టోర్‌లో ఎర్రర్ రాలేదని నమ్మకండి. డంప్ ఫైలు మొదట్లోనే ఫంక్షన్ లోపలి తనిఖీ ఆపమని ఉంటుంది. ఉన్నా లాభం లేదు, ఆ తనిఖీ చూసేది పైథాన్ వ్యాకరణం వరకే, ఇంపోర్ట్‌ని నడపదు. పీజీ అప్‌గ్రేడ్ టూల్ కూడా పీఎల్/పైథాన్ లైబ్రరీ లోడ్ అవుతుందో లేదో చూస్తుంది, దాని కింద మీ మాడ్యూల్స్ సంగతి దానికి తెలియదు. ఆ తనిఖీ మీరే రాసుకోవాలి. హాట్ స్టాండ్‌బైలో రాయడం కుదరదు గానీ, ఫంక్షన్‌ని సెలెక్ట్‌తో పిలవొచ్చు.

ట్రిగ్గర్ తీసెయ్యమని మాత్రం మళ్లీ చెబుతున్నాను.

ఆప్ట్_అప్పారావు:
గ్రూప్ పద్ధతి అయితే నాకు అభ్యంతరం లేదు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఎవరు చూస్తారో కాగితం మీద రాసుకుంటే. ఇది మొదటే చెప్పొచ్చుగా.

వెన్వ్_వాసు:
మొదటే చెప్పింది నేనే. ‘ఓపీటీ డైరెక్టరీ’. పైకి వెళ్లి చూడండి.

డల్లాస్_డీబీఏ:
కంటైనర్ అయితే ఇదంతా అక్కర్లేదు, జస్ట్ సేయింగ్.

రాత్రిడ్యూటీ:
ఐదు రోజుల తర్వాత వస్తున్నాను. మా అడ్మిన్‌తో కూర్చున్నాం. కొత్త డిస్క్‌తో మళ్లీ కట్టిన పాత ప్రైమరీ ఇప్పుడు స్టాండ్‌బై. రెండింటిలోనూ ఓపీటీ కింద డైరెక్టరీ కట్టారు, నన్ను గ్రూప్‌లో చేర్చారు, ఎన్విరాన్‌మెంట్ ఫైలు రాశారు. టికెట్ ఒక్కటే పట్టింది.

చింతకాయ గారు చెప్పినట్టు చిన్న ఫంక్షన్ రాశాను. జాబితాలోని ఒక్కో మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేసి, పేరు, వెర్షన్, ఏ ఫైల్లోంచి వచ్చిందో మూడు కాలమ్స్‌గా ఇస్తుంది. నిన్న రాత్రి రెండు మెషీన్లలోనూ నడిపాను. స్టాండ్‌బైలో రెండు మాడ్యూల్సూ ఓపీటీ నుంచి వచ్చాయి. ప్రైమరీలో మా సొంత మాడ్యూలూ ర్యాపిడ్‌ఫజ్ కూడా యూఎస్‌ఆర్ లోకల్ నుంచి వచ్చాయి. ర్యాపిడ్‌ఫజ్ వెర్షన్ కూడా వేరు.

కారణం: ప్రైమరీని ఇంకా రీస్టార్ట్ చేయలేదు, శనివారం రాత్రికి పెట్టారు. కాబట్టి పైథాన్‌పాత్ దానికి ఇంకా అందలేదు. యూఎస్‌ఆర్ లోకల్‌లో ఉన్నది ఎవరు వేశారా అని తేదీ చూశాను. ఫెయిలోవర్ జరిగిన, అంటే స్టాండ్‌బై ప్రైమరీగా మారిన, రాత్రి, మూడు నలభై. అడ్మిన్ ఫోన్‌లో గంటసేపు సుడో ఇచ్చినప్పుడు ఆ ఫ్లాగ్ పెట్టి కొట్టింది నేనే. పూర్తిగా మర్చిపోయాను. దాంతోపాటు ఇంకేవేవి వచ్చి కూర్చున్నాయో పిప్ జాబితా తీస్తున్నాను.

ఆప్ట్_అప్పారావు:
ఆ మెషీన్‌లో సర్టిఫికెట్ రెన్యూ అవుతోందో లేదో ముందు చూడండమ్మా. జాబితా తర్వాత.

రాత్రిడ్యూటీ:
చూశానండీ. ట్రయల్ రన్ బాగానే నడిచింది. గడువు ఇంకా 41 రోజులుంది.

కర్నూలు_కెర్నల్:
చెప్పాగా, ఏమీ విరగదని.

పాతచింతకాయ:
ట్రిగ్గర్?